అయిదుసార్లు బాగుపడిన మదుము

కొండగెడ్డ మండల ప్రజలు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని పౌర సంతృప్తి మండలి అధికారికంగా ప్రకటించింది. మండల జనాభా నలభై ఒక్క వేలు. సంతృప్తి చెందినవారి సంఖ్య మూడు లక్షల పన్నెండు వేలు. ఈ రెండు అంకెల మధ్య తేడా గురించి ఎవరూ అడగలేదు. నలుగురూ ఆనందంగా ఉన్నచోట తలలు లెక్కపెట్టడం మర్యాద కాదు.

ఈ ఘనతకు మూలం మండల ఆఫీసు వరండాలో నిలబెట్టిన టచ్ స్క్రీన్. మనిషెత్తు ఉంటుంది. ప్రజలు ఇకపై అర్జీలు పట్టుకుని గుమస్తాల చుట్టూ తిరగనక్కర్లేదనీ, ఈ తెర చుట్టూ తిరిగితే చాలుననీ ప్రారంభోత్సవం నాడు ఎంపీడీవో గణపతిరావు గారు మైకులో చెప్పారు. పొందూరు ఖద్దరు చొక్కా మీద చెమట పట్టేదాకా చెప్పారు. తర్వాత కొబ్బరికాయ కొట్టారు. స్టాండుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. తెరకి పైనుంచి కిందిదాకా బంతిపూల దండ వేశారు. మన వైపు ట్రాక్టరు కొన్నా, బోరు మోటారు దించినా దండ పడకుండా పని మొదలుకాదు కదా. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం అటెండరు మరిడమ్మ పాత దండ తీసి, స్క్రీనుకి దండం పెట్టి, కొత్త దండ వేస్తోంది. చెప్పులతో దగ్గరికి వచ్చినవాళ్లని కసురుతోంది కూడా.

దాలమ్మ చెప్పులు విడిచే వచ్చింది.

ఆమెది దాసన్నవలస. యాభై దాటిన మనిషి. ఎకరన్నర పల్లం, అందులో ఓ మూల వరి నారు పోసిన ఆకుమడి. ఊరి చెరువు నిండుగా ఉంది. కాని చెరువు నీటిని పొలాలకి వదిలే మదుము తలుపు పైకి లేవడం లేదు. దాన్ని తిప్పి ఎత్తే ఇనుప కడ్డీ రెండుగా విరిగిపోయింది. గునపం వేసి పగలగొడదామంటే అది సర్కారువారి ఆస్తి. కిందటేడు పక్క ఊళ్లో అలా పగలగొట్టినవాడు ఇప్పటికీ కోర్టుకి తిరుగుతున్నాడు. నెల రోజుల్లో నీరు దిగకపోతే ఆకు ముదిరిపోతుంది. ముదిరిన ఆకు నాటినా ఒకటే, నాటకపోయినా ఒకటే. ఆ ఏటికి ఇంట్లో గింజలుండవు.

తెర ముందు నిలబడి దాలమ్మ బొమ్మల్ని చూసుకుంటూ నొక్కింది. చెరువు బొమ్మ నొక్కింది. మదుము బొమ్మ నొక్కింది. విరిగిన బొమ్మ నొక్కింది. తెర ఎంతో వినయంగా "మీ ఫిర్యాదు నమోదైనది. మీరు సంతృప్తి చెందారా?" అని అడిగింది. ఎడమవైపు కింద ఆకుపచ్చగా అరచేయంత బటన్, 'చాలా సంతృప్తి'. కుడివైపు మూలన ఎర్రగా కందిగింజంత బటన్, 'అసంతృప్తి'. దాలమ్మ ఎర్రదాని మీదికి వేలు తీసుకెళ్లేలోగా తెర మీద పూలు రాలాయి, చప్పట్లు మోగాయి. "ధన్యవాదాలు! మీ సమస్య పరిష్కరించబడినది."

ఇందులో మోసమేమీ లేదు. అంతా నియమావళి ప్రకారమే జరిగింది. ఫిర్యాదుదారు సంతృప్తి చెందినట్టు నమోదైన క్షణంలోనే సమస్య పరిష్కారమైనట్టు భావించవలెనని మండలి వారి ఉత్తర్వు. పూర్వం సమస్య తీరాక సంతృప్తి వచ్చేది. అందుకు ఏళ్లు పట్టేది. ఇప్పుడు సంతృప్తిని ముందుకు జరిపారు.

ఇంటికి వచ్చిన భార్యని చూసి అరుగు మీద చుట్ట కాలుస్తున్న చినబాబు అడిగాడు. "ఏటే, నీ అద్దాల బీరువా ఏటన్నాది?"

"నాను శానా సంతోసంగా ఉన్నానంట మావా."

"ఓసోస్! ముప్పయ్యేళ్ల బట్టీ కాపరం సేస్తన్నాను, నాకు ఒక్కపాలైనా సెప్పినావేటే?"

నాలుగు రోజుల తర్వాత దాలమ్మ రెండోసారి వెళ్లింది. రెండోసారి సంతృప్తి చెందింది. మూడోసారి ఆకుమడిలో నేల పగుళ్లిచ్చినాక వెళ్లింది. మూడోసారీ సంతృప్తి చెందింది. ప్రతిసారీ చినబాబు ఫోనుకి మెసేజీ వచ్చేది, మీ మదుము బాగుచేయబడినది, మీ చిరునవ్వే మా జీతం అని. ఆయన ఫోను పట్టుకుని చెరువుగట్టు దాకా వెళ్లి, తలుపు వంక చూసి, మెసేజీ వంక చూసి, దేన్ని నమ్మాలో తెలియక తిరిగి వచ్చేవాడు.

నాలుగోసారి దాలమ్మ ఎర్ర బటన్ దగ్గర వేలు ముందే సిద్ధంగా పెట్టుకుని నిలబడింది. సరిగ్గా ప్రశ్న వచ్చే సమయానికి కరెంటు పోయింది. తెరకి బ్యాటరీ ఉంది, అది పోలేదు. వరండాలో ఫ్యాను మాత్రం ఆగింది. దండ ఊగడం మానింది. తెర తన ప్రశ్న అడిగి, కదలకుండా జవాబు కోసం ఎదురుచూసింది. రెండువారాల ఉక్రోషమంతా వేలికొసకి తెచ్చుకుని దాలమ్మ ఎర్ర బటన్ నొక్కింది. 'ఖచ్చితంగానేనా?' అని తెర అడిగింది. 'అవును' నొక్కింది. 'మరోసారి ఆలోచించండి' అంది తెర. 'ఆలోచించాను' నొక్కబోయింది. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. దండ చివర వేలాడుతున్న ముద్దబంతిపువ్వు ఒక్క ఊగు ఊగి, ఆకుపచ్చ బటన్ని మెత్తగా తాకింది.

పూలు రాలాయి. చప్పట్లు మోగాయి.

దాలమ్మ పువ్వు వంక చూసింది. పువ్వు ఊగుతూనే ఉంది. ఊగినప్పుడల్లా మండలంలో ఎవరో ఒకరు సంతృప్తి చెందుతున్నారు.

"ఓ గుంటా, ఇలా రా," అని కేకేసింది.

స్క్రీను ఆపరేటరు శ్రావణి వచ్చింది. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివి, ఈ తెర పక్కన కుర్చీలో కాంట్రాక్టు మీద కూర్చున్న పిల్ల.

"ఈ పువ్వే నొక్కతన్నాది. నాను కాదు. నీకు తెల్సా?"

"మెల్లగా పిన్నీ. తెలుసు," అంది శ్రావణి గొంతు తగ్గించి. "ఈ చట్రం చుట్టూ కంటికి కనబడని కిరణాలు పోతుంటాయి. వాటికి ఏది అడ్డొస్తే అదే వేలు. నీ వేలైనా, పెన్నైనా, పువ్వైనా దానికి ఒకటే."

"అంటే దీనికి మనిసికీ పువ్వుకీ తేడా తెల్దా?"

"తెలీదు పిన్నీ."

"మరి లోపలున్న ఆఫీసరికో?"

శ్రావణి నవ్వు ఆపుకుని, గణపతిరావు గారి గది తలుపు మూసే ఉందని చూసుకుని, చెప్పింది. మేలో ఒకసారి దండ ఎండిపోయిందని మరిడమ్మ తీసేసిందట. కొత్తది వేసేలోగా ఒక్క పూట గడిచిందట. ఆ పూటకే మండలం మొదటి స్థానం నుంచి ముప్పై ఎనిమిదో స్థానానికి పడిపోయిందట. ఆ వెంటనే దండ తీయడం ఆఫీసుకి అరిష్టమని గణపతిరావు గారు సర్క్యులరు ఇచ్చారు. ఫ్యాను కూడా ఆపకూడదన్నారు. అందువల్ల మండల ప్రజలు ఆదివారాల్లోనూ, సెలవు రోజుల్లోనూ కూడా సంతృప్తి చెందుతూనే ఉన్నారు. ఆ లెక్కలు చూసిన సంతృప్తి మండలి నిపుణులు, సిబ్బంది ఆఫీసుకి రాని రోజుల్లో ప్రజల ఆనందం రెట్టింపవుతోందని నూటపది పేజీల నివేదిక రాశారు. దాన్ని అనుసరించి సిబ్బందికి అదనంగా నాలుగు సెలవులు కూడా మంజూరయ్యాయి.

"నువ్వైనా సెప్పొచ్చు కదే?"

"చెప్పాను పిన్నీ. పువ్వుని అవమానించానని మరిడమ్మప్ప మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

అయిదోసారి దాలమ్మ దండని ఎడం చేత్తో పక్కకి లాగి పట్టుకుంది. మరిడమ్మ బకెట్టు కింద పడేసి పరుగున వచ్చింది.

"ఏటొదినా, ఏటా పని! దండ మీద సెయ్యేస్తావా? కళ్లు పోతాయి!"

"నా ఆకు పోతన్నాది ఒదినా. కళ్లు పోతే పోనీ."

"వదులు ముందు!"

ఇద్దరూ దండని అటూ ఇటూ లాగారు. ఆ లాగుడులో పువ్వు ఆకుపచ్చ బటన్ని పదకొండుసార్లు తాకింది. దాలమ్మ ఆ పూటకి జిల్లాలోనే అత్యంత సంతృప్తి చెందిన వ్యక్తిగా నమోదైంది.

వారం తిరగకుండా దాలమ్మకి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. రెంటి మీదా గణపతిరావు గారి సంతకమే. కవరు పట్టుకొచ్చిన శ్రావణే చదివి వినిపించింది. మొదటి కాగితంలో, దాసన్నవలస దాలమ్మ 'ఉత్తమ సంతృప్త పౌరురాలి'గా ఎంపికైనందున సోమవారం ఉదయం మండల ఆఫీసు ఆవరణలో జరిగే సభకు వచ్చి సన్మానం స్వీకరించవలెను. రెండో కాగితంలో, దాసన్నవలస చెరువు మదుము గడచిన మూడు వారాలలో అయిదుసార్లు బాగుచేయబడినది. బాగుచేసిన ప్రతిసారీ తిరిగి విరిగినట్టు సదరు దాలమ్మ ఫిర్యాదు చేస్తున్నందున, ప్రభుత్వ ఆస్తిని ఆమె ఏ ఉద్దేశంతో పదేపదే విరగ్గొడుతున్నదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

చినబాబు చుట్ట పారేశాడు. "ఒసే, శాలువా కప్పి జైల్లో యేస్తారేటే?"

దాలమ్మ రెండో కాగితాన్ని ఇంకోసారి చదివించుకుంది. "అయిదుసార్లు బాగుసేసినారని రాసినాదా?" అని అడిగింది. రాసి ఉందని శ్రావణి చెప్పింది. "సంతకం? ముద్ర?" అవి కూడా ఉన్నాయంది. దాలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిని దోపుకుంది. ఆకుమడిలో నారు చివర్లు అప్పటికే పసుపు తిరిగాయి. ఇంకా మహా అయితే వారం.

సోమవారం సభకు సంతృప్తి మండలి అధ్యక్షులు శ్రీ మోహనకృష్ణ గారే స్వయంగా వచ్చారు. వారికి క్యాబినెట్ హోదా ఉంది, అయిదు కార్లున్నాయి. తెర ముందు నిలబడి నమస్కరించారు. ఆపైన మాట్లాడారు.

"ఒకప్పుడు ప్రజలకు కష్టం వస్తే కన్నీళ్లు పెట్టుకునేవారు. కన్నీటితో దేశం ముందుకు పోదు. ఇవాళ ఒక్క స్పర్శ చాలు! ఈ సున్నితమైన స్పర్శ ఎవరిది? సామాన్యుడిది! ఈ మండల ప్రజల వేళ్లలో ఎంత మృదుత్వం ఉందో మా కంప్యూటర్లు కనిపెట్టాయి. ఇంత మెత్తగా బటన్ నొక్కే ప్రజలు ప్రపంచంలో ఎక్కడా లేరు!"

చప్పట్లు మోగాయి. గణపతిరావు గారు తలవంచుకుని ఆ మృదుత్వపు ఘనతను వినయంగా స్వీకరించారు. వెనక వరండాలో పువ్వు తన పని తాను చేసుకుపోతోంది.

తర్వాత దాలమ్మని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. గణపతిరావు గారు చెవిలో, "సంతోషంగా ఉంది అని చెప్పి దిగిపో అమ్మా," అన్నారు.

దాలమ్మ మైకు పట్టుకుంది.

"బాబూ, దండాలు. నాకు శానా సంతోసంగా ఉన్నాది." గణపతిరావు గారు ఊపిరి పీల్చుకున్నారు. "మా సెరువు మదుము బాగుసేసినారు. ఒక్కపాలి కాదు బాబూ, అయిదుపాలు బాగుసేసినారు. ఇదిగో కాయితం, ముద్ర కూడా ఉన్నాది." రొంటి నుంచి కాగితం తీసి అధ్యక్షుల వారికి అందించింది. "అయితే ఒక్కటే లోటు. అయిదుపాలు బాగైన మదుముకి ఒక్కపాలైనా ఎవురూ ఒచ్చి రిబ్బను కొయ్యనేదు. కొబ్బరికాయ కొట్టనేదు. అంత పని సేసి ఎవురికీ సెప్పకుండా దాసీసినారు, మా బాబులు అంత మంచోలు. తవరొచ్చి మీ సేత్తో తలుపెత్తి నీరు ఒదిలితే, మా ఊరోల్లం పిల్లాజెల్లా ఒచ్చి మీతో ఫోటో దిగతాం."

అధ్యక్షుల వారు కాగితం చదివారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"గణపతిరావు గారూ! ఇది నిజమేనా?"

నిజమంటే ఒక చిక్కు. అబద్ధమంటే సంతకం తనదే. గణపతిరావు గారు సర్వీసులో మొదటిసారిగా పువ్వు సాయం లేకుండా జవాబు చెప్పవలసి వచ్చింది. "న... నిజమే సార్."

"అయిదుసార్లు పని పూర్తి చేసి ఒక్కసారి కూడా నా చేత ప్రారంభించలేదా? ఎంత నిర్లక్ష్యం! గురువారం ఉదయం తొమ్మిది గంటలకి నేనే వస్తున్నాను."

ఇక్కడి నుంచి కొండగెడ్డ మండల చరిత్రలో ఎన్నడూ లేని సంఘటనలు జరిగాయి. సోమవారం మధ్యాహ్నానికే ముగ్గురు ఇంజినీర్లు దాసన్నవలస చెరువుగట్టు ఎక్కారు. నెల్లిమర్ల నుంచి వెల్డరొచ్చాడు. కొత్త కడ్డీ, కొత్త తలుపు, సిమెంటు దిగాయి. మూడు వారాలుగా ఎక్కడుందో తెలియని నిధుల పద్దు, పది నిమిషాల్లో గణపతిరావు గారి సొరుగులోనే దొరికింది. ఆయన స్వయంగా మోకాలి లోతు బురదలో నిలబడి పని చేయించారు. పొందూరు ఖద్దరు రంగు మారింది.

బుధవారం నాడు దాలమ్మ గట్టు మీదికి వెళ్లి చూసింది. ఆమెని చూడగానే ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

"ఎంత పని చేశావమ్మా! సభలో అంత అబద్ధమా?"

"నానెక్కడ అబద్దమాడినాను బాబూ?" అంది దాలమ్మ ఆశ్చర్యంగా. "తవరు రాసిందే సెప్పినాను. అబద్దమైతే తవరు సంతకమెట్టరు కదా."

గురువారం ఉదయం అధ్యక్షుల వారు రిబ్బను కోశారు. చక్రం తిప్పారు. తలుపు కిర్రుమంటూ లేచింది. నీరు ఎర్రగా, నురగతో, ఆగి ఆగి ఒక్కసారిగా కాలవలోకి దూకింది. ఊళ్లో ఆడవాళ్లు కాలవ వెంబడి పరుగెత్తారు. దాలమ్మ అధ్యక్షుల వారి ఫోటోలో లేదు. అప్పటికే తన మడి గట్టు తెగ్గొట్టడానికి పార పట్టుకుని పోయింది. నీరు పగుళ్లలోకి బుడబుడమని దిగుతుంటే అక్కడే కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. ఆ వారంలోనే నాట్లు పడ్డాయి.

మధ్యాహ్నం శ్రావణి చేతి ట్యాబు పట్టుకుని గట్టు మీదికొచ్చింది. "పిన్నీ, నువ్వు నొక్కాలి. రూలు." మదుము బాగైనందుకు మీరు సంతృప్తి చెందారా? దాలమ్మ బురద వేలిని కొంగుకి తుడుచుకుని, ఎవరి బలవంతమూ లేకుండా, ఆకుపచ్చ బటన్ని మనస్ఫూర్తిగా నొక్కింది. "ఈ సమస్యపై మీ సంతృప్తి పరిమితి ముగిసినది" అని తెర జవాబిచ్చింది. ఆమె మళ్లీ నొక్కింది. తెర మళ్లీ అదే చెప్పింది.

"పోన్లే గుంటా, మడికి తెల్సు," అని దాలమ్మ లేచి వెళ్లిపోయింది.

ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. జనం ఫిర్యాదులు చేయడం మానేశారు. అధ్యక్షుల వారికి ఆహ్వానాలు పంపడం మొదలుపెట్టారు. కప్పు లేని బడి ప్రారంభోత్సవానికి ఆహ్వానం వచ్చింది. డాక్టరు లేని ఆసుపత్రిలో 'కొత్తగా చేరిన డాక్టరు గారి స్వాగత సభ'కు ఆహ్వానం వచ్చింది. పక్క ఊరి నీలవేణి, తమ ఊరికి వేసిన తారురోడ్డుని ప్రారంభించమని ముత్యాల అంచు కార్డు అచ్చు వేయించి తెచ్చింది. రోడ్డు ఉండాల్సినచోట అప్పటికి మోకాలి లోతు గోతులున్నాయి. పదిహేను రోజుల్లో బడికి కప్పు పడింది. అధికారులకి నిద్రాహారాలు కరువయ్యాయి. పాలన స్తంభించి, పనులు జరగడం మొదలైంది.

ఈ అరాచకాన్ని ఆపడానికి గణపతిరావు గారే మార్గం కనిపెట్టారు. ఇకపై ప్రారంభోత్సవ ఆహ్వానాలు కూడా టచ్ స్క్రీన్ ద్వారానే స్వీకరించబడునని బోర్డు పెట్టించారు. ఆహ్వానం నమోదైన మరుక్షణం తెర మీద పూలు రాలేలా, "మీ ప్రారంభోత్సవం విజయవంతముగా జరిగినది" అని మెసేజీ వెళ్లేలా ఏర్పాటు చేయించారు. నీలవేణి ఊరి రోడ్డుకి మొట్టమొదట ఆ విధంగా, ఎవరూ రాకుండానే, ప్రారంభోత్సవం జరిగిపోయింది. ప్రముఖులు పాల్గొన్నారనీ, శిలాఫలకం ఆవిష్కరించారనీ, గ్రామపెద్దల పేర్లు ఫలకం మీద వరసగా చెక్కించారనీ ఊళ్లో అందరి ఫోన్లకీ జాబితాతో సహా మెసేజీ అందింది.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరి వాళ్లు రెండు ట్రాక్టర్ల నిండా మండల ఆఫీసు మీదికి వచ్చారు. కేకలు గేటు దాకా వినబడ్డాయి. గణపతిరావు గారు వెనక తలుపు వెతుక్కున్నారు. శ్రావణికి లోలోపల సంతోషం వేసింది, ఇన్నాళ్లకి జనం గట్టిగా అడుగుతున్నారని. మరిడమ్మ చీపురు అడ్డం పెట్టి గుమ్మంలో నిలబడింది.

"రోడ్డు కోసమే కదేటి ఒచ్చినారు? ఏస్తారు, ఏస్తారు. ఎందుకలా అరుస్తారు?"

ముందున్న పెద్దమనిషి ఫోను ఆమె ముఖం మీద పెట్టాడు.

"రోడ్డు సంగతి తరవాత సూద్దాం. ఫలకం మీద మా మావ పేరు మూడో లైన్లో ఎందుకేసినారో ముందది సెప్పండి."